అండమాన్ సముద్రంలో చిన్న భూకంపాలు

అండమాన్ నికోబార్ దీవుల చుట్టుపక్కల సముద్రంలో 4కు పైన, 5కు లోపు పరిమాణం గల భూకంపాలు ఏటా పదుల సంఖ్యలో వస్తుంటాయి. చాలావరకు ఎవరికీ తెలియకుండానే పోతాయి. ఊళ్లకు కాస్త దగ్గరగా వచ్చినవాటికి మాత్రం పత్రికల్లో నాలుగు లైన్ల వార్త దక్కుతుంది: ఫలానా సమయానికి, రిక్టర్ స్కేలుపై ఇంత, భూమిలో పది కిలోమీటర్ల లోతున, ప్రాణనష్టం లేదు, సునామీ ముప్పు లేదు.

శాస్త్రవేత్తలు వీటిని తేలికపాటి భూకంపాలంటారు. 5 దాటితే మధ్యస్థం, 6 దాటితే బలమైనవి, 7 దాటితే భారీ, 8 దాటితే మహా భూకంపాలు. ప్రపంచం మొత్తం మీద తేలికపాటివి ఏటా పది వేలకు పైగా నమోదవుతాయి. 8 దాటేవి సగటున ఏడాదికి ఒకటి. లెక్క ప్రకారం చూస్తే తేలికపాటి భూకంపం ఒక వింత కానే కాదు. కానీ 2004 డిసెంబరు 26న వచ్చిన మహా భూకంపం, దాని వెంట వచ్చిన సునామీ ఈ ప్రాంతం నుంచే పుట్టాయి. అందుకే ఇక్కడ భూమి కాస్త కదిలినా రెండు మాటలు వినిపిస్తాయి. పెద్దది రాబోతోందనేది ఒకటి, లోపలి ఒత్తిడి కొద్దికొద్దిగా తగ్గిపోతోంది కాబట్టి మంచిదేననేది రెండోది. ఈ రెండూ ఎంతవరకు నిజమో తేలాలంటే ముందు ఆ సముద్రం అడుగున ఏం జరుగుతోందో చూడాలి.

ఒక ఫలకం కిందికి మరొకటి

భూమి పైపొర ఒకే ముక్కగా లేదు. పెద్దవీ చిన్నవీ కలిసి అనేక ఫలకాలుగా చీలి ఉంది. భారత ద్వీపకల్పం, బంగాళాఖాతం అడుగుభాగం ఒకే ఫలకం మీద ఉన్నాయి. అది ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఉత్తర ఈశాన్య దిక్కుగా కదులుతోంది. ఉత్తరాన అది ఆసియాను ఢీకొన్న చోట హిమాలయాలు లేచాయి. తూర్పున మాత్రం బంగాళాఖాతపు అడుగు, బర్మా ఫలకం అనే చిన్న ఫలకం కిందికి వంగి దూరిపోతోంది. ఇలా ఒక ఫలకం మరో దాని కిందికి దిగిపోయే ప్రాంతాన్ని సబ్‌డక్షన్ జోన్ అంటారు.

ఫలకం వంగి దిగే చోట సముద్రగర్భంలో పొడవాటి కందకం ఏర్పడుతుంది. మయన్మార్ తీరం నుంచి మొదలై అండమాన్ నికోబార్ దీవులకు పడమరగా సాగి, సుమత్రా, జావాల దక్షిణ తీరాన్ని ఒరుసుకుంటూ పోయే సుండా కందకం అలాంటిదే. జావాకు దక్షిణాన అది ఏడు వేల మీటర్ల లోతు దాటుతుంది. అండమాన్ వైపు అంత లోతు కనిపించదు. గంగ, బ్రహ్మపుత్ర నదులు లక్షల ఏళ్లుగా మోసుకొచ్చిన ఒండ్రు బంగాళాఖాతం అడుగున పరుచుకుని ఈ కందకాన్ని చాలావరకు పూడ్చేసింది.

అండమాన్ దీవులు పుట్టిందే ఈ కదలిక వల్ల. కింది ఫలకం దిగిపోతున్నప్పుడు దాని మీద పేరుకున్న ఒండ్రు, అక్కడక్కడ సముద్రపు అడుగు రాయి పై ఫలకం అంచుకు గీసుకుని పోగుపడ్డాయి. ఆ పోగు నీటిపైకి లేచిన శిఖరాలే ఈ దీవులు. ఇంకా తూర్పుకు వెళితే బ్యారన్ దీవి వస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పట్టణానికి, దాదాపు 135 కిలోమీటర్ల దూరంలో ఈశాన్యంగా ఉన్న ఈ దీవి భారతదేశంలో నేటికీ రగిలే ఏకైక అగ్నిపర్వతం. దిగిపోయిన ఫలకం సుమారు వంద కిలోమీటర్ల లోతుకు చేరేసరికి దానిలోని నీరు బయటికి వస్తుంది. ఆ నీరు తగిలిన వేడి రాయి తక్కువ ఉష్ణోగ్రతకే కరుగుతుంది. కరిగినది పైకి ఎగదన్ని అగ్నిపర్వతమవుతుంది. బ్యారన్ పద్దెనిమిదో శతాబ్దం చివర రగిలి, పందొమ్మిదో శతాబ్దంలో చల్లారి, మళ్లీ 1991లో మేలుకుంది.

ఇక్కడ ఫలకం తిన్నగా కిందికి దిగదు. ఏటవాలుగా, పక్కకు జరుగుతూ దిగుతుంది. కదలికలో కొంత భాగం దిగడానికి, కొంత భాగం పక్కకు రాసుకోవడానికి పోతుంది. ఈ పక్కవాటు కదలిక దీవులకు తూర్పున అండమాన్ సముద్రం కింద పొడవాటి భ్రంశాలుగా బయటపడింది. అక్కడే ఒక చోట సముద్రపు అడుగు రెండుగా విడిపోతూ కొత్త అడుగు పుట్టుకొస్తోంది.

కాబట్టి ఈ ప్రాంతంలో వచ్చే ఒక తేలికపాటి భూకంపం నాలుగు చోట్లలో ఎక్కడైనా పుట్టి ఉండవచ్చు. రెండు ఫలకాలు రాసుకునే తలం మీద పుడితే అది తక్కువ లోతులో, దీవులకు పడమర వైపుగానో వాటి కిందనో ఉంటుంది. దిగిపోతున్న ఫలకం లోపలే పగిలితే నూరు కిలోమీటర్ల లోతులో కూడా పుట్టవచ్చు. పైనున్న ఫలకం నొక్కుకుపోయి చిట్లినా రావచ్చు. నాలుగోది అండమాన్ సముద్రం కింది భ్రంశాలు. ఈ నాలుగో చోట భూకంపాలకు గుంపులుగా వచ్చే అలవాటు ఉంది. 2005 జనవరి చివర్లో నికోబార్‌కు తూర్పున కొద్ది రోజుల్లోనే 5, అంతకు మించిన భూకంపాలు వందకు పైగా వచ్చాయి. 2022 జులై మొదటి వారంలోనూ అండమాన్ సముద్రంలో ఒకదాని వెంట ఒకటిగా పదుల సంఖ్యలో ప్రకంపనలు నమోదయ్యాయి. రెండు సందర్భాల్లోనూ ఆ గుంపు తనంత తానే సద్దుమణిగింది.

చిన్నదెంత, పెద్దదెంత

ఫలకాలు కదులుతున్నా, వాటి మధ్య తలం ఎక్కడికక్కడ బిగుసుకుపోయి ఉంటుంది. వానాకాలంలో ఉబ్బి చట్రంలో ఇరుక్కున్న తలుపును నెట్టినకొద్దీ బలమంతా పోగై, ఒక్కసారిగా జర్రున జారినట్టు, పోగైన ఒత్తిడి రాపిడిని మించిన క్షణాన తలంలో ఒక ముక్క జారిపోతుంది. ఆ కుదుపు తరంగాలుగా నలువైపులా పాకుతుంది. అదే భూకంపం.

ఎంత పెద్ద ముక్క జారింది, ఎంత దూరం జారింది అన్నదాన్ని బట్టే భూకంపం పరిమాణం. 4.5 పరిమాణం గల భూకంపంలో జారే ముక్క అడ్డంగా ఒకటి రెండు కిలోమీటర్లకు మించదు. జారే దూరం కొద్ది సెంటీమీటర్లు. అంతా సుమారు ఒక సెకనులో ముగుస్తుంది. 2004 భూకంపంలో సుమత్రా ఉత్తర భాగం నుంచి అండమాన్ ఉత్తర కొస దాకా దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవున తలం జారింది. కొన్ని చోట్ల పది మీటర్లకు మించి జారింది. ఒక కొస నుంచి మరో కొసకు ఆ చీలిక పాకడానికే ఎనిమిది నిమిషాలకు పైగా పట్టింది. దాని పరిమాణం 9.1.

పరిమాణం అంకెలు మామూలు అంకెల్లా పెరగవు. ఒక అంకె పెరిగితే భూకంప లేఖినిపై తరంగం ఎత్తు పది రెట్లు పెరుగుతుంది. వెలువడే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. అంటే 4.5కు, 9.1కు మధ్య శక్తిలో తేడా దాదాపు 80 లక్షల రెట్లు. పేపర్లో రెండంకెలు పక్కపక్కనే ఉంటే రెండోది మొదటిదానికి రెట్టింపులా కనిపిస్తుంది. నిజానికి వాటిని పోల్చడానికే వీలు లేదు.

చార్లెస్ రిక్టర్ 1935లో కాలిఫోర్నియా భూకంపాల కోసం ఈ కొలమానాన్ని తయారు చేశాడు. వార్తల్లో ఇప్పటికీ ఆయన పేరే నడుస్తున్నా, పెద్ద భూకంపాలకు శాస్త్రవేత్తలు నేడు వాడేది వేరొకటి. జారిన తలం వైశాల్యం, జారిన దూరం, రాయి గట్టిదనం, ఈ మూడింటి నుంచి లెక్కించే మొమెంట్ మాగ్నిట్యూడ్ 1979 నుంచి వాడుకలోకి వచ్చింది. సముద్రంలోని చిన్న భూకంపాలకు అంత సమాచారం తరచు దొరకదు. అందుకని దూరంలోని పరిశీలన కేంద్రాలకు అందిన తరంగాల ఎత్తు నుంచే పరిమాణం కడతారు. ఒకే భూకంపాన్ని ఒక సంస్థ 4.3 అని, మరో సంస్థ 4.6 అని చెప్పడానికి కారణం ఇదే. ఎవరూ తప్పు చెప్పినట్టు కాదు. కొలిచిన చోట్లు, కొలిచిన పద్ధతులు వేరు.

సముద్రం కింద చోటు పట్టేది ఎలా

భూకంపం నుంచి ముఖ్యంగా రెండు రకాల తరంగాలు వెలువడతాయి. పి తరంగం వేగంగా పోతుంది. రాతిని ముందుకీ వెనక్కీ నొక్కుతూ సాగుతుంది. ఎస్ తరంగం దాని వెనుక, అంతకంటే నెమ్మదిగా, రాతిని అటూ ఇటూ ఊపుతూ వస్తుంది. ఒక కేంద్రానికి ఈ రెండూ చేరిన వేళల్లో తేడా ఎంత ఎక్కువైతే భూకంపం అంత దూరాన పుట్టినట్టు. తేడాలో ఒక్కో సెకనుకు ఎనిమిది కిలోమీటర్ల చొప్పున లెక్కిస్తే దూరం స్థూలంగా తెలుస్తుంది. మూడు నాలుగు కేంద్రాల నుంచి ఈ దూరాలు తెలిస్తే అవి కలిసే చోటే భూకంప కేంద్రం.

భారతదేశంలో ఈ పని నేషనల్ సెంటర్ ఫర్ సిస్మాలజీ చేస్తుంది. దేశంలో తొలి భూకంప పరిశీలన కేంద్రం 1898లో కోల్‌కతాలోని అలీపూర్‌లో మొదలైంది. దానికి ముందటి ఏడాది, 1897 జూన్ 12న, షిల్లాంగ్ పీఠభూమిని ఒక మహా భూకంపం కుదిపేసింది.

నేల మీద వచ్చిన భూకంపానికి చుట్టూ కేంద్రాలుంటాయి. అండమాన్ దగ్గర అలా కాదు. పరికరాలు పెట్టగలిగిన నేల ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక సన్నటి దీవుల వరుస మాత్రమే. పడమరన వందల కిలోమీటర్ల బంగాళాఖాతం, తూర్పున అండమాన్ సముద్రం. ఒకే వైపు నుంచి చూసి దూరాన్ని అంచనా కట్టడం ఎంత కష్టమో ఇదీ అంతే కష్టం. అందువల్ల చిన్న భూకంపాల కేంద్రం కొన్ని కిలోమీటర్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ అటూ ఇటూ అవుతుంది. లోతు తేల్చడం మరీ కష్టం. దగ్గర్లో పరిశీలన కేంద్రం లేనప్పుడు లోతు లెక్క తేలక, విశ్లేషకులు ఒక అంకెను ముందే ఖాయం చేసుకుని మిగతా లెక్కలు కడతారు. వార్తల్లో పదే పదే కనిపించే పది కిలోమీటర్ల లోతు చాలాసార్లు అలా పెట్టుకున్నదే. కొద్ది రోజుల తర్వాత, దూర కేంద్రాల సమాచారం కూడా చేరాక, ఆ అంకె సవరించబడుతుంది.

సునామీ ఎందుకు రాదు

సునామీని పుట్టించేది కుదుపు కాదు, సముద్రపు అడుగు పైకి లేవడమో కిందికి దిగడమో. అడుగు కదిలితే దాని మీదున్న నీటి స్తంభం మొత్తం కదులుతుంది. పక్కకు పాకే ఆ కదలికే సునామీ. 2004లో వందల కిలోమీటర్ల మేర అడుగు మీటర్ల కొద్దీ లేచింది, కొన్ని చోట్ల కుంగింది. దాని గుర్తులు దీవుల మీదే మిగిలాయి. గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఉన్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి, అక్కడి లైట్‌హౌస్ పాదం నీళ్లలోకి వెళ్లింది. ఉత్తర అండమాన్ పడమటి తీరంలో మాత్రం నేల మీటరుకు పైగా లేచి పగడపు దిబ్బలు బయటపడ్డాయి.

తేలికపాటి భూకంపంలో జారేది ఒకటి రెండు కిలోమీటర్ల ముక్క. అది కూడా కొన్ని కిలోమీటర్ల లోతున. ఆ జారుడు సముద్రపు అడుగును మిల్లీమీటర్లలోనే కదిలిస్తుంది. దాని మీద రెండు మూడు వేల మీటర్ల నీరు. అంత చిన్న మార్పు నీటి ఉపరితలం చేరేలోపే సమసిపోతుంది. అందుకే సునామీ హెచ్చరిక వ్యవస్థలు సాధారణంగా 6.5, అంతకు మించిన సముద్ర భూకంపాల మీదే దృష్టి పెడతాయి.

పరిమాణం ఒక్కటే చాలదని 2012 ఏప్రిల్ 11 చూపించింది. ఆ రోజు సుమత్రాకు పడమర సముద్రంలో 8.6 పరిమాణం గల భూకంపం వచ్చింది. హిందూ మహాసముద్ర తీర దేశాలన్నీ అప్రమత్తమయ్యాయి. కానీ అక్కడ ఫలకం ముక్కలు ఒకదాన్ని ఒకటి రాసుకుంటూ పక్కకు జరిగాయి. అడుగు పెద్దగా లేవలేదు. చిన్నపాటి అలలతోనే ముప్పు తప్పింది.

రెండు నమ్మకాలు, రెండు లెక్కలు

చిన్నది వచ్చింది కాబట్టి పెద్దది వస్తుందనే భయానికి కొంత ఆధారం లేకపోలేదు. పెద్ద భూకంపాలు కొన్నింటికి ముందు చిన్నవి వచ్చిన మాట నిజం. కానీ వెనక్కి తిరిగి చూసినప్పుడే అవి ముందస్తు కుదుపులని తెలుస్తుంది. వచ్చిన క్షణాన మామూలు భూకంపానికి, ముందస్తు కుదుపుకు తేడా చూపే గుర్తు ఏదీ ఇంతవరకు దొరకలేదు. ప్రపంచ అనుభవం ప్రకారం, ఒక భూకంపం వెంట వారం లోపు అంతకంటే పెద్దది వచ్చే అవకాశం స్థూలంగా నూటికి ఐదు. ఆ వచ్చేది కూడా ఎక్కువ సందర్భాల్లో మొదటిదానికంటే కాస్తే పెద్దది. రోజులు గడిచేకొద్దీ ఈ అవకాశం త్వరత్వరగా తగ్గిపోతుంది. భూకంపం తర్వాతి ప్రకంపనలు కాలంతో ఎలా తగ్గుతాయో జపాన్ శాస్త్రవేత్త ఫుసాకిచి ఒమోరి 1894లోనే సూత్రీకరించాడు.

చిన్నవి వస్తే ఒత్తిడి తగ్గి పెద్దది తప్పుతుందన్నది రెండో నమ్మకం. దీనికి శక్తి లెక్కే జవాబు. 4 పరిమాణానికి, 8 పరిమాణానికి మధ్య నాలుగు అంకెలు. శక్తిలో తేడా పది లక్షల రెట్లు. ఒక్క మహా భూకంపం విడుదల చేసే శక్తిని చిన్నవాటితో ఖర్చు పెట్టాలంటే 4 పరిమాణం గలవి పది లక్షలు రావాలి. ప్రపంచమంతటా కలిపి ఏడాదికి వచ్చేవి పది వేల పైచిలుకే. ఫలకం ఏటా కూడబెట్టే ఒత్తిడి ముందు చిన్న భూకంపాలు తగ్గించేది లెక్కలోకి రానంత కొద్ది. పెద్దవి, చిన్నవి ఒక నిష్పత్తిలో వస్తాయని బెనో గుటెన్‌బర్గ్, రిక్టర్ చూపారు. ఒక అంకె తగ్గితే సంఖ్య దాదాపు పది రెట్లవుతుంది. అంటే చిన్నవి ఎక్కువగా వచ్చే చోటే పెద్దవి కూడా ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి.

ఈ తలం మీద పెద్దవి ఎప్పుడెప్పుడు వచ్చాయో కొంతవరకే తెలుసు. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర 7.9 పరిమాణం గల భూకంపం వచ్చింది. దాని సునామీ చిన్నదే అయినా బంగాళాఖాతం చుట్టూ ఉన్న ఆటుపోట్ల కొలమానాల్లో నమోదైంది. 1941 జూన్ 26న అండమాన్‌ను మరో భారీ భూకంపం కుదిపింది. 2002 సెప్టెంబరులో ఉత్తర అండమాన్‌లోని డిగ్లిపూర్ దగ్గర 6.5 వచ్చింది. 2004 నాటి స్థాయి సునామీ అంతకుముందు ఎప్పుడొచ్చిందో పుస్తకాల్లో లేదు. థాయ్‌లాండ్‌లోని ఫ్రా థాంగ్ దీవిలో మట్టి పొరలు తవ్వితే, సుమారు 550 నుంచి 700 ఏళ్ల కిందట అలాంటిదే ఒకటి పరిచిన ఇసుక పొర బయటపడింది. శతాబ్దాల విరామంతో వచ్చేదాన్ని నిన్నటి చిన్న కుదుపును చూసి చెప్పడం సాధ్యం కాదు.

చిన్నవాటి ఉపయోగం

చిన్న భూకంపం జోస్యం చెప్పదు, ఒత్తిడి తీర్చదు. కానీ సమాచారం ఇస్తుంది. సముద్రం కింద వంద కిలోమీటర్ల లోతులో ఉన్న ఫలకాన్ని ఎవరూ చూడలేరు. వేల చిన్న భూకంపాల కేంద్రాలను పటం మీద గుర్తిస్తే అవి పడమర నుంచి తూర్పుకు లోతు పెరుగుతూ ఒక వాలు పలకలా అమరుతాయి. ఆ పలకే దిగిపోతున్న ఫలకం. జపాన్‌లో కియో వదాతి, అమెరికాలో హ్యూగో బెనియోఫ్ ఇలాంటి వాలు వరుసలను గుర్తించారు. ఫలకాల సిద్ధాంతం రూపుదిద్దుకోవడానికి అవి గట్టి ఆధారాలయ్యాయి.

తరంగాల తొలి కదలిక ఎటు వైపో చూస్తే తలం నొక్కుకుని జారిందా, సాగి విడిందా, పక్కకు రాసుకుందా అన్నది తెలుస్తుంది. తలంలో చిన్నవి తరచు వచ్చే చోట్లు, అసలు రాని చోట్లు కూడా పటంలో బయటపడతాయి. ఏమీ రాని చోటు రెండు రకాలు. అక్కడ తలం ఒత్తిడి పోగుకాకుండా మెల్లగా జారుతూ ఉండవచ్చు, లేదా గట్టిగా బిగుసుకుని ఉండవచ్చు. దీవుల మీది జీపీఎస్ కొలతలతో కలిపి చూస్తేనే ఏది ఏదో తేలుతుంది. భవనాలు, రేవులు, వంతెనలు ఎంత కుదుపుకు తట్టుకోవాలో నిర్ణయించే ప్రమాద పటాలకు ఈ లెక్కలే పునాది. భారత ప్రమాణాల సంస్థ అండమాన్ నికోబార్‌ను దీర్ఘకాలంగా అత్యధిక ప్రమాదం గల ఐదో జోన్‌లో ఉంచింది.

తెలుగు తీరానికి దీనితో సంబంధం

ఆంధ్రప్రదేశ్ తీరం సబ్‌డక్షన్ జోన్ కాదు. అది భారత ఫలకం లోపలి భాగం. కందకం అక్కడికి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరం. అండమాన్‌లో 4.5 వస్తే విశాఖలో గానీ, మచిలీపట్నంలో గానీ ఎవరికీ తెలియదు. 2014 మే 21 రాత్రి ఉత్తర కోస్తాలో జనం ఇళ్లలోంచి బయటికి వచ్చిన భూకంపం వేరే రకం. ఒడిశా తీరానికి దూరంగా బంగాళాఖాతంలో, ఫలకం లోపలే వచ్చిన 6.0 అది.

సునామీ విషయంలో మాత్రం ఆ దూరం రక్షణ కాదు. నాలుగు వేల మీటర్ల లోతు నీటిలో సునామీ గంటకు 700 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 2004లో ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర పుట్టిన అలలు సుమారు రెండున్నర గంటల్లోనే చెన్నైని తాకాయి. ఆంధ్ర తీరంలో వంద మందికి పైగా చనిపోయారు. ఆనాడు హెచ్చరించే వ్యవస్థ లేదు. 2007లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం మొదలైంది. భూకంప పరిశీలన కేంద్రాలు, సముద్రపు అడుగున నీటి ఒత్తిడిని కొలిచే పరికరాలు, తీరంలోని ఆటుపోట్ల కొలమానాలు పంపే సమాచారాన్ని అది రాత్రింబవళ్లు చూస్తుంది. ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో కలిసి హిందూ మహాసముద్ర దేశాలకూ సమాచారం ఇస్తుంది.

దీవుల్లో ఉండేవారి పరిస్థితి వేరు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగువారు వేలల్లో ఉన్నారు. దగ్గర్లో పెద్ద భూకంపం వస్తే అల అరగంట లోపే చేరవచ్చు. అధికారిక హెచ్చరిక అందేంత వ్యవధి ఉండకపోవచ్చు. అక్కడ పనికొచ్చేది కుదుపు వ్యవధి. తేలికపాటి భూకంపం కిటికీ రెక్కల్ని గడగడలాడించి, వేలాడే దీపాన్ని ఊపి, కొద్ది సెకన్లలో ఆగిపోతుంది. అలాంటప్పుడు పరుగులు తీయనక్కర్లేదు. గోడలకు కొత్త పగుళ్లు పడ్డాయేమో, బీరువాలు గోడకు బిగించి ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు. కుదుపు ఇరవై సెకన్లు దాటినా, నిలబడలేనంత బలంగా ఉన్నా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా, సైరన్ కోసం చూడకుండా ఎత్తయిన చోటికి వెళ్లాలి. మొదటి అలే పెద్దది కానక్కర్లేదు కాబట్టి ముప్పు తొలగిందని ప్రకటించేవరకు అక్కడే ఉండాలి. ఆంధ్ర తీరంలో ఉన్నవారికి రెండు గంటలకు పైగా వ్యవధి ఉంటుంది కనుక వాట్సాప్ సందేశాలను కాక ఇన్‌కాయిస్, జిల్లా యంత్రాంగం ప్రకటనలనే అనుసరించడం మేలు.